మా ఊరి మొదటి వాకింగ్

మా ఊళ్ళో ఇప్పుడు ఏ ఇంటి కోడలైనా వాకింగ్‌కి వెళ్ళిందంటే మంచిదేగా అని ఎవరూ అనరు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, "అయ్యో, ఏమైందట?" అంటారు. ఇంగ్లీషు వాళ్ళు ఏ ముహూర్తాన పుట్టించారో ఆ మాటని, మా ఊరు చేరేసరికి దానికి ఈ గతి పట్టింది. పట్టించింది నేనే. చెప్తాను, ముందు టీ తీసుకోండి. ఆ చివరి గ్లాసు మాత్రం నాది, అందులో చక్కెర లేదు.

పోయిన మిరపకోతలప్పటి సంగతి. నాకు షుగరుందని అంతకు ముందే తెలుసనుకోండి. తెలిసినా నేనేం లెక్కచెయ్యలేదు. మా ఆయన వెంకటేశ్వర్లు పేరుకి ఇంటి యజమాని గానీ, పత్తి ఎప్పుడు వెయ్యాలో, మిరపకి ఏ మందు కొట్టాలో, కోతకి ఎవరి కూలీల ముఠాని పిలవాలో అన్నీ నేనే చూస్తాను. పురుగుమందుల షాపువాడు కల్తీ సీసా అంటగడితే, ఆ సీసా ఒళ్ళో పెట్టుకుని వాడి షాపు మెట్ల మీద కూర్చుని, వాడిచేత తప్పు ఒప్పించినదాన్ని. గడ్డివాములో పాము కనపడితే కర్రతో పక్కకి నెట్టి, గేదెకి గడ్డి లాక్కొచ్చినదాన్ని. సామ్రాజ్యం అని పేరు పెట్టింది మా నాన్న, దాన్ని నిలబెట్టింది నేను. అలాంటిదాన్ని కంటికి కనపడని షుగరుకి భయపడతానా?

నాకు భయం ఒక్క సూదికే. అది మాత్రం నిజం, దాచుకోను. పిల్లలకి టీకాలు వేయించేటప్పుడు కూడా వాళ్ళని మా ఆయన ఒళ్ళో కూర్చోబెట్టి నేను ఆస్పత్రి గేటు బయట నిలబడేదాన్ని. లోపల వాళ్ళు ఏడిస్తే బయట నేను ఏడ్చేదాన్ని. పిల్లలు ఊరుకున్నాక కూడా నేను ఊరుకునేదాన్ని కాదని మా ఆయన ఇప్పటికీ అంటుంటాడు.

చిలకలూరిపేటలో మేం చూపించుకునే డాక్టరు గారు పెద్దాయన, నెమ్మదస్తుడు. ఆ రోజు రక్తం టెస్టు కాగితం చూసి కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. ఆయన కళ్ళజోడు తీశాడంటే తిట్లు మొదలని అర్థం.

"ఏమ్మా, తీపి మానేశావా?"

"ఎప్పుడో మానేశానండీ."

మా ఆయన గోడ మీదున్న క్యాలెండరు కేసి చూడడం మొదలుపెట్టాడు.

"వాకింగ్ చేస్తున్నావా?"

"రోజంతా నడకేనండీ నాకు. ఇంట్లోంచి చేలోకి, చేలోంచి కళ్ళానికి, కళ్ళం నుంచి మళ్ళీ ఇంటికి."

"అది పనమ్మా. వాకింగ్ కాదు."

"కాళ్ళు అవే కదండీ."

"కాళ్ళు అవే. పని మీద వెళ్తే మధ్యలో ఆగుతావు, కూర్చుంటావు, నలుగురితో మాట్లాడతావు. వాకింగంటే ఏ పనీ లేకుండా నడవాలి. గబగబా నడవాలి. దారిలో ఆగకూడదు, ఎవరితోనూ కబుర్లు పెట్టుకోకూడదు. అలా కొంత దూరం వెళ్ళాలి."

"అక్కడ పనేం లేకపోతే అంత దూరం వెళ్ళడమెందుకండీ?"

"తిరిగి రావడానికి," అన్నాడాయన.

ఇదేం లెక్కో నాకు అర్థం కాలేదు. అడుగుదామనుకునేలోపే ఆయన మా ఆయన వైపు ఒకసారి చూసి, గొంతు సవరించుకుని, అసలు మాట చెప్పాడు. వచ్చే టెస్టుకి షుగరు దిగకపోతే ఇక మాత్రలు పనిచెయ్యవట. రోజూ సూదేనట. అది కూడా పొట్టకట.

"పొట్టకా?" అన్నాను. పైట పొట్ట మీదికి లాక్కున్నాను.

బస్సులో వస్తూ ఆ వాకింగ్ అనే మాట గురించే ఆలోచించాను. చదువుకునేటప్పుడు మా ఇంగ్లీషు వాచకంలో ఒక దొర ఉండేవాడు. టోపీ పెట్టుకుని, చేతికర్ర పట్టుకుని, కుక్కని వెంటేసుకుని రోజూ సాయంత్రం 'వాక్'కి వెళ్ళేవాడు. వాక్ అనగా షికారు అని మా మాస్టారు బట్టీ పట్టించాడు. బొమ్మ చూస్తే మాత్రం గేదె తప్పిపోయి వెతుక్కుంటున్నవాడిలా కనపడేవాడు నాకు. టీవీ వార్తల్లో అసెంబ్లీ చూపించినప్పుడు ఎమ్మెల్యేలకి కోపమొచ్చి లేచి బయటికి పోతే వాకౌట్ అంటారు. మా పక్క వీధిలో ఒకమ్మాయి పేటలో నర్సు ఇంటర్వ్యూకి వెళ్ళొచ్చింది, దాన్ని కూడా ఏదో వాకిన్ అనే చెప్పింది. ఒకే నడక ఇన్ని రకాలుగా ఎలా నడుస్తుందో గానీ, ఊరొచ్చేసరికి నాకంతా అర్థమైపోయిందనే అనుకున్నాను. సూది తప్పించుకోవాలంటే పని లేకుండా నడవాలి. అంతేగా. నాకు చేతకాని పనేముంది?

బస్సెక్కే ముందే పేట బస్టాండులో బడిపిల్లలు వేసుకునే తెల్ల కాన్వాసు బూట్లు కొని పెట్టుకున్నాను. చెప్పులతో గబగబా నడిస్తే జారతాయని నా ఆలోచన. ఆ రాత్రి అన్నాలు తినేటప్పుడు మా ఆయన ఎందుకో ఒక్క మాటా మాట్లాడలేదు. నేనే అన్నాను.

"నాకన్నీ అర్థమయ్యాయండీ. రేపు పొద్దున్నే చూడండి నేనేం చేస్తానో."

ఆయనకి పొలమారింది. నెత్తి మీద తట్టి నీళ్ళిచ్చాను. మామూలుగా ఇంత కారానికి పొలమారే మనిషి కాదే అనుకున్నాను తప్ప, అంతకు మించి ఆలోచించలేదు.

పొద్దున్నే లేచాను. ఆయన ఇంకా పడుకునే ఉన్నాడు, లేపలేదు. పని లేని నడకకి ఉతికిన చీరెందుకులే అని, ముందురోజు కళ్ళంలో తాలు మిరపకాయలు ఏరినప్పుడు కట్టుకున్న చీరే మళ్ళీ చుట్టుకున్నాను. బూట్లు ఇంట్లోనే వేసుకుని వీధిలోకి వస్తే ఊరంతా నవ్వుతుందని, వాటిని గుడ్డ సంచిలో పెట్టుకున్నాను. ఊరు దాటాక వేసుకుందామని. ఏ దారిన వెళ్ళాలన్నది కూడా బాగా ఆలోచించే పెట్టుకున్నాను. మా ఊరి నుంచి రావులపాడు వెళ్ళే రోడ్డయితే చదునుగా ఉంటుంది, మధ్యలో రాళ్ళు పాలిష్ పట్టే ఫ్యాక్టరీ ఒకటి ఉంది. అక్కడిదాకా వెళ్ళి వెనక్కి తిరగడం. రావులపాడు మా పుట్టిల్లు. ఆ సంగతి మీరు గుర్తుపెట్టుకోండి. నాకు మాత్రం ఆ పూట గుర్తు రాలేదు.

ఊరు దాటగానే బూట్లు వేసుకుందామంటే అప్పటికే రోడ్డుకి రెండు వైపులా కళ్ళాల్లో జనం. మిరపకాయలు తిరగేస్తున్నారు. ఎర్రగా పరుచుకుని ఉన్నాయి కనుచూపు మేర. వాళ్ళ ముందు కూర్చుని బూట్లు ఎలా వేసుకోను? కొంచెం ముందుకెళ్ళాక చూద్దామని సంచి చేత్తో పట్టుకునే నడిచాను. ఇంతలో గాలి ఇటు తిరిగింది. మిరప ఘాటు ముక్కులోకి కొట్టింది. తుమ్ములు మొదలయ్యాయి, కళ్ళు చెమర్చాయి. పైటచెంగుతో తుడుచుకున్నాను.

ముందురోజంతా తాలుకాయలు మూటగట్టింది ఆ పైటచెంగులోనే.

ఇక చూడండి. కళ్ళల్లోంచి నీళ్ళు ధారగా కారిపోతున్నాయి. తుడుచుకుంటే ఇంకా మంట. ముక్కు ఎర్రబడింది, పెదాలు అదురుతున్నాయి. వెనక్కి వెళ్ళిపోతే సరిపోయేది. కానీ సూది గుర్తొచ్చింది, డాక్టరు గారు ఆగకూడదన్న మాట గుర్తొచ్చింది. ఇంకా గబగబా నడిచాను.

పాల క్యాన్లు కట్టుకుని మోపెడ్ మీద ఎదురొచ్చాడు మా వీరయ్య మామయ్య. మా ఆయనకి పినతండ్రి వరస. నన్ను చూసి బండి ఆపి ఒక కాలు కింద పెట్టాడు.

"ఏమ్మా సామ్రాజ్యం, ఇంత పొద్దున్నే ఎక్కడికి?"

నోరు విప్పితే వాకింగ్ పాడైపోతుంది. చెయ్యి అడ్డంగా ఊపాను, ఇప్పుడు కాదు మామయ్యా అన్నట్టు. ఆయన నా కళ్ళు చూశాడు. చేతిలో సంచి చూశాడు. నేను పోతున్న దారి చూశాడు.

"వాడేమన్నా అన్నాడా అమ్మా?" అన్నాడు మెల్లగా.

నేను మళ్ళీ చెయ్యి ఊపి, ముక్కు చీదుకుని, వెళ్ళిపోయాను. వెనకాల మోపెడ్ స్టార్టయిన చప్పుడు వినపడింది. పాలకేంద్రం వైపు తిరగాల్సిన బండి మా ఇంటి వైపు తిరిగిందని నాకేం తెలుసు?

తరవాత ట్రాక్టరు వచ్చింది. మా ఊరి రత్తమ్మ, తన ముఠా ఆడవాళ్ళని ఎక్కించుకుని రావులపాడులో మిరపకోతకి పోతోంది. నా పక్కకి రాగానే డ్రైవరు చేత స్పీడు తగ్గించింది.

"సామ్రాజ్యక్కా, ఎక్కు. మేమూ అటే పోతున్నాం, మీ వాళ్ళింటి దగ్గర దింపుతాం."

తల అడ్డంగా ఊపాను.

"నడిచెందుకక్కా ఈ ఎండన?"

ఎండింకా రానేలేదు. నేను ఆకాశం వైపు చూశాను, రోడ్డు వైపు చూశాను, కళ్ళు తుడుచుకున్నాను. ట్రాక్టరులోంచి ఇంకో ఆవిడ రత్తమ్మ భుజం పట్టుకుని లాగింది.

"మాట్లాడించొద్దే పాపం. కడుపులో ఎంతుందో ఏమో, ఇప్పుడు పలకరిస్తే భోరుమంటుంది."

ట్రాక్టరు ముందుకెళ్ళిపోయింది. అందులో ఉన్న ఆడవాళ్ళందరూ వెనక్కి తిరిగి నన్నే చూస్తున్నారు. నా నడక చూసి ముచ్చటపడుతున్నారనుకుని నేను ఇంకొంచెం ఊపుగా నడిచాను. ఆ చెయ్యీ ఈ చెయ్యీ ఆడించుకుంటూ.

రాళ్ళ ఫ్యాక్టరీ దూరంగా కనపడుతోంది, ఇంకా చేరలేదు. రావులపాడు వైపు నుంచి మోటారు సైకిలు మీద దుమ్ము లేపుకుంటూ మా అన్నయ్య సుబ్బారావు వచ్చాడు. లుంగీ మీదే వచ్చాడు. మా అన్నయ్య లుంగీతో గడప దాటడు, బజారుకైనా పంచె కట్టుకునే వెళ్తాడు. నా ముందు బండి ఆపి, కాసేపు నన్ను చూసి, వేరే వైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు.

"ఎక్కమ్మా," అన్నాడు.

ఇంక నోరు తెరవక తప్పలేదు. "వాకింగ్ అన్నయ్యా," అన్నాను.

"అలాగేలేమ్మా. ఎక్కు."

"నిజంగా వాకింగే. డాక్టరు గారు చెయ్యమన్నాడు."

"ఏడుస్తూ నడవమని ఏ డాక్టరు చెప్తాడమ్మా?"

"ఏడవట్లేదన్నయ్యా. మిరప ఘాటు."

"మీ వదిన కూడా ఉల్లిపాయలనే చెప్తుంది నాతో," అన్నాడు. "నేను నమ్మనా? నమ్మినట్టే ఉంటాను. బండెక్కు తల్లీ."

నేను చేసిన తప్పల్లా ఆ బండెక్కడం. కళ్ళు భగభగ మండిపోతున్నాయి. ఇంటికెళ్ళి చన్నీళ్ళతో కడుక్కుని, అక్కణ్ణుంచి వెనక్కి నడిచి వస్తే అదీ వాకింగే అవుతుందిగా అని లెక్కేశాను.

పుట్టింటి గుమ్మంలోకి వెళ్ళేసరికి చుట్టుపక్కల ఆడవాళ్ళందరూ అరుగు దగ్గరున్నారు. రత్తమ్మ ముఠా అక్కడ ఒక నిమిషం ఆగి పోయిందట. మా వదిన కోటేశ్వరమ్మ ఎదురొచ్చి నన్ను రెండు చేతులా పట్టుకుంది. సంచి లాక్కుంది. బట్టలు ఎన్ని తెచ్చుకున్నానో చూద్దామని తెరిచింది. తెల్ల బూట్లు బయటికి వచ్చాయి.

అందరూ బూట్లు చూశారు, తరవాత నన్ను చూశారు.

"చీర కూడా తెచ్చుకోలేదు," అంది వదిన పక్కావిడతో, నేను వినకూడదన్నంత మెల్లగా, కానీ నేను వినేంత గట్టిగా. "చేతికేది దొరికితే అది సంచిలో వేసుకుని వచ్చేసింది. మనిషి మనిషిలో లేదు."

కళ్ళు కడుక్కుని మొత్తం చెప్పాను. డాక్టరు, షుగరు, సూది, పైటచెంగు, ఏదీ వదల్లేదు. అందరూ బుద్ధిగా విన్నారు. అయిపోయాక వదిన నా తల నిమిరింది.

"ఎంత గుట్టు చూడండి. ఇంత జరిగినా మొగుణ్ణి ఒక్క మాట అననివ్వదు."

నేను కాదన్నకొద్దీ వాళ్ళకి అనుమానం గట్టిపడిపోతోంది. నా జీవితంలో నేను చెప్పింది ఎవరూ నమ్మకపోవడం అదే మొదలు. పురుగుమందుల షాపువాడైనా నమ్మాడు.

అంతలో వదిన ఇత్తడి పళ్ళెంలో సున్నుండలు తెచ్చి నా ముందు పెట్టింది. నెయ్యి ఓడుతున్నాయి. నేను వద్దన్నాను.

"తినవా?"

"షుగరు వదినా."

"చూడు సామ్రాజ్యం. ఆడబడుచు ఏడుస్తూ పుట్టింటికొస్తే వదిన పచ్చి మంచినీళ్ళు కూడా ఇవ్వలేదని సాయంత్రానికల్లా ఊరంతా అంటుంది. నీ కోపం మీ ఆయన మీద చూపించు. నా మీద ఎందుకు?"

అరుగు మీదున్న ఆడవాళ్ళందరూ పళ్ళెం వైపే చూస్తున్నారు. ఒకటి తిన్నాను. వెనక్కి నడిచేటప్పుడు ఇది అరిగిపోతుందిలే అనుకున్నాను. ఆ లెక్కన రెండోది కూడా అరుగుతుంది కదా. ఇక చెప్పొద్దూ, మా వదిన సున్నుండలు చేసిందంటే నేను లెక్కలు మానేస్తాను.

అప్పుడొచ్చాడు మా ఆయన. చొక్కా గుండీలు ఒకటి వదిలి ఒకటి పెట్టుకున్నాడు. తల దువ్వుకోలేదు. వీరయ్య మామయ్య వెళ్ళి, "ఏం చేశావురా ఆ పిల్లని, అలా ఏడుస్తూ పోతోంది," అని వాకిట్లో కేకలేశాడట. మా ఆయన గుమ్మంలో నిలబడి నా వైపు చూశాడు, సున్నుండ చేతిలో ఉండగా. ఆ చూపు చూస్తే నాకు జాలేసింది. లేచి ఏదో చెప్పబోయాను, మా అన్నయ్య చెయ్యి అడ్డం పెట్టాడు.

"నువ్వు ఊరుకోమ్మా. రండి బావగారూ, కూర్చోండి."

మంచం వాల్చారు. మా ఆయన మంచం పట్టె మీద అంచున కూర్చున్నాడు, ఎప్పుడైనా లేచిపోవడానికి వీలుగా.

"మాది తప్పయితే మేం సరిదిద్దుకుంటాం," అన్నాడు అన్నయ్య. "మీరేమన్నారో మీ నోటితో చెప్పండి. ఆ పిల్ల చెప్పడం లేదు, డాక్టరంటుంది, ఇంకేదో అంటుంది."

డాక్టరు అన్న మాట వినపడగానే మా ఆయన మొహం తెల్లబోయింది.

"తెలిసిపోయిందా?" అన్నాడు నాతో.

నాకేం తెలిసిందో నాకే తెలీదు. కానీ ఇరవయ్యేళ్ళు కాపురం చేసినదాన్ని. ఆ గొంతు విన్నాక, తెలీదని చెప్పేంత అమాయకురాల్ని కాదు. "తెలిసింది," అన్నాను.

"రాత్రి నువ్వు 'అన్నీ అర్థమయ్యాయి, రేపు చూడండి' అన్నప్పుడే అనుకున్నాను," అన్నాడు. "అప్పుడే చెప్పేద్దామనుకున్నాను సామ్రాజ్యం. నోరు రాలేదు. నీ మంచికేగా. నువ్వు ఎవరి మాటా వినవు కదా."

"ఏం చేశారో చెప్పండి బావగారూ," అన్నాడు అన్నయ్య. ఆడవాళ్ళందరూ గుమ్మం దగ్గరికి జరిగారు.

"నేనే డాక్టరు గారితో ముందుగా వెళ్ళి మాట్లాడానండీ. మాత్రలు సరిపోతాయనే అన్నాడాయన. సూదని చెప్పి భయపెడితే తప్ప ఈమె తీపి మానదు, వాకింగ్ చెయ్యదని నేనే బతిమాలాను. పొట్టకి అన్న మాట కూడా నేనే చెప్పమన్నాను." తల వంచుకున్నాడు. "అంతేనండీ నేను చేసిందల్లా. దానికి ఇల్లొదిలి వస్తుందనుకోలేదు."

అన్నయ్య లుంగీ సర్దుకున్నాడు.

"అంటే నిజంగా వాకింగేనా?" అంది వదిన.

నేను మాత్రం లేచి నిలబడ్డాను. ఒళ్ళంతా మండుకొచ్చింది, కళ్ళ కన్నా ఎక్కువగా. రాత్రంతా నిద్రపోలేదు నేను. కళ్ళు మూస్తే పొట్టలోకి సూది దిగుతున్నట్టే ఉండింది. పిల్లల టీకాలప్పుడు గేటు బయట నేను ఎలా ఏడ్చానో చూసిన మనిషి, నా ఒకే ఒక్క భయాన్ని నా మీదకే తోలాడు.

"మీరింటికి వెళ్ళండి," అన్నాను. "నేను రాను."

అప్పుడు చూడాలి మా పుట్టింటివాళ్ళని. అంతదాకా నన్ను కాపాడాలని లుంగీతో పరుగెత్తుకొచ్చిన మా అన్నయ్య, "ఇంత చిన్న విషయానికా అమ్మా," అన్నాడు. నా తల నిమిరిన వదిన, "పాపం నీ ఆరోగ్యం కోసమేగా," అంది. అలిగిరాని దాన్ని అలిగావంటూ కూర్చోబెట్టారు, నిజంగా అలిగితే వెళ్ళిపొమ్మంటున్నారు. నేను కదల్లేదు. నేను కూర్చుంటే నన్ను లేపగలిగినవాళ్ళు మా రెండు ఊళ్ళల్లోనూ లేరు. మా ఆయన సాయంత్రం దాకా చూసి వెళ్ళిపోయాడు.

చాలా రోజులే ఉన్నానక్కడ. వదిన మాట పడకూడదని రోజూ ఏదో ఒక తీపి చేసేది. బొబ్బట్లు ఒకరోజు, పాకం గారెలు ఒకరోజు. కోపంలో ఉన్నాను కదా, నేనేం తింటున్నానో నేను చూసుకోలేదు. వాకింగ్ అనే మాట నా ముందు ఎవరైనా ఎత్తితే ఒట్టు. డాక్టరే అబద్ధమాడాడు, ఇక షుగరొకటి నిజమా అని నా వాదన. ఆ వాదనలో నాకు అప్పుడు ఏ తప్పూ కనపడలేదు.

మా ఊళ్ళో కళ్ళంలో ఆరబెట్టిన కాయలు ఎత్తే రోజు దగ్గరపడింది. నేను లేకుండా మా ఆయన కాయలు ఎలా గ్రేడు చేస్తాడో అని నాకు లోపల లోపల బెంగ మొదలైంది. కానీ ఎలా వెళ్తాను, రానన్న నోటితో?

ఒక పొద్దున అరుగు మీద కూర్చుని ఉంటే రోడ్డు మలుపులో ఒక మనిషి నడిచి వస్తూ కనపడ్డాడు. మొహమంతా చెమట. చేతిలో గుడ్డ సంచి. కొంచెం దగ్గరికి వచ్చాక గుర్తుపట్టాను. వీధి చివర కొట్టుకి అగ్గిపెట్టె కోసం వెళ్ళాలన్నా బండి తీసే మా ఆయన, మా ఊరి నుంచి రావులపాడుదాకా నడిచి వచ్చాడు.

"బండేమైంది?" అన్నాను.

"వాకింగ్ వచ్చాను," అన్నాడు. ఆయాసం తీరలేదు. "డాక్టరు నాతో కూడా చెప్పాడులే, అక్కడ పనేం లేకపోయినా వెళ్ళాలట."

"ఎందుకట?"

"తిరిగి రావడానికి." సంచి నా ఒళ్ళో పెట్టాడు. అందులో ఉతికిన చీర ఉంది. తెల్ల బూట్లేమో మా వదినే తెచ్చి ఇచ్చింది, ఎంత త్వరగా బయలుదేరితే అంత మంచిదన్నట్టు.

ఆ రోజు ఇద్దరం కలిసి నడిచి వచ్చాం. నేను బూట్లు వేసుకునే వచ్చాను, ఎవరు చూస్తే నాకేం. దారిలో రత్తమ్మ ట్రాక్టరు ఎదురైంది. ముఠా అంతా లేచి నిలబడి చూశారు. "అక్క వాకింగ్ అయిపోయిందే," అని అరిచింది రత్తమ్మ వెనకున్నవాళ్ళకి. మా ఊళ్ళో ఆ మాటకి అలిగి పుట్టింటికి పోవడమనే అర్థం స్థిరపడింది అప్పుడే. మొన్న మా పక్కింటి కొత్త కోడలు అత్తగారితో మాటామాటా అనుకుని పొన్నూరులో పుట్టింటికి వెళ్ళిపోతే, అత్తగారు వీధిలో ఎవరడిగినా తడుముకోకుండా "వాకింగ్‌కి వెళ్ళిందమ్మా" అని చెప్పింది. ఎవరూ మళ్ళీ ప్రశ్న వెయ్యలేదు.

కథ ఇక్కడితో ఆగితే బాగానే ఉండేది. టెస్టుకి వెళ్ళాం. డాక్టరు గారు కాగితం చూసి కళ్ళజోడు తీశాడు. చాలాసేపు దాన్ని తుడుచుకుంటూ కూర్చున్నాడు.

"ఏం చేశావమ్మా ఇన్నాళ్ళూ?"

"వాకింగ్‌కి వెళ్ళానండీ," అన్నాను. "మా పుట్టింటికి."

"సూది మొదలుపెట్టాలి," అన్నాడాయన.

నేను మా ఆయన వైపు చూశాను, ధీమాగా. ఈసారి నన్ను బోల్తా కొట్టించలేరు మరి. మా ఆయన రెండు చేతులూ ఎత్తి అడ్డంగా ఊపుతున్నాడు.

"ఇది మీ ఆయన చెప్పమన్నది కాదు," అన్నాడు డాక్టరు గారు. "నేనే చెప్తున్నా. పొట్టకే."

అదండీ సంగతి. సూది తప్పించుకుందామని బయలుదేరి సూదిదాకా నడిచి వెళ్ళినదాన్ని నేనొక్కదాన్నే అయ్యుంటాను. ఇప్పుడు రోజూ పొద్దున్నే మా ఆయనే వేస్తాడు, పేటలో నేర్చుకుని వచ్చాడు. పాముని కర్రతో నెట్టిన ఈ సామ్రాజ్యం కళ్ళు గట్టిగా మూసుకుని మంచం కోడు పట్టుకుని పడుకుంటుంది. ఆయన దూది పెట్టి తుడిచి, "అయిపోయింది, అయిపోయింది," అంటుంటాడు, ఇంకా మొదలే పెట్టకుండా. నేను కళ్ళు తెరవకుండానే చెప్తాను.

"చెయ్యి వణికిందంటే చూడండి, ఇట్నుంచి ఇటే వాకింగ్‌కి వెళ్ళిపోతాను."